మద్రాసు చిత్రకళలో ఇంటిలోపలి దృశ్యం

ఇంటి లోపలి గది, అందులో ఒకరో ఇద్దరో మనుషులు, కొన్నిసార్లు ఎవరూ కూర్చోని కుర్చీ, గోడ మీద పడ్డ వెలుతురు. ఇంతమాత్రాన్నే వస్తువుగా తీసుకుని వేసే బొమ్మలను గృహాంతర చిత్రాలంటారు. వీటిలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ జరగదు. ఈ రకం చిత్రానికి 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు బాట వేస్తే, 19వ శతాబ్దం చివర డెన్మార్క్ వాళ్లు దాన్ని దాదాపు మౌనం దాకా తీసుకెళ్లారు. మద్రాసులోగానీ, మద్రాసు అచ్చుయంత్రాల చుట్టూ పెరిగిన తెలుగు చిత్రకళలోగానీ ఇది గోడకు తగిలించే తైలవర్ణ చిత్రంగా ఎన్నడూ స్థిరపడలేదు. అలాగని ఆ గది మనకు లేకుండా పోలేదు. తంజావూరు పటాల్లో, రవివర్మ బొమ్మల్లో, వారపత్రికల పేజీల్లో, చివరకు సినిమాలో కనిపిస్తూనే ఉంది. చిత్రశాల పట్టించుకోని పనిని ఇక్కడ చాలావరకు అచ్చు చేసిపెట్టింది.

కోపెన్‌హాగన్ గదులు

పోలికకు ముందుగా డెన్మార్క్ సంగతి కొంత తెలియాలి. విల్‌హెల్మ్ హామర్స్‌హోయ్ (1864–1916) 1891లో ఇడా ఇల్‌స్టెడ్‌ను పెళ్లాడాడు. 1898 నుంచి 1909 దాకా ఆ దంపతులు కోపెన్‌హాగన్‌లో స్ట్రాండ్‌గేడ్ అనే వీధిలో 30వ నంబరు ఇంట్లో కాపురమున్నారు. హామర్స్‌హోయ్ ఆ ఇంటినే మళ్లీ మళ్లీ వేశాడు. ఒక్క ఆ ఇంటి గదుల మీదే అరవైకి పైగా చిత్రాలున్నాయి. బూడిద రంగు గోడలు, తెల్ల తలుపులు, ఒక బల్ల, దాని మీద ఒక గిన్నె. మనిషి ఉంటే ఎక్కువగా ఇడాయే. నల్ల దుస్తుల్లో, మనకు వీపు తిప్పి. మెడ మీద పడ్డ వెలుతురు తప్ప ఆమె గురించి మనకేమీ తెలియదు. 1900లో వేసిన ఒక చిత్రంలో ఆమె కూడా లేదు. కిటికీలోంచి ఏటవాలుగా దిగిన ఎండ, అందులో తేలే దుమ్ము, మూసి ఉన్న తలుపు, అంతే.

ఇడా అన్న పీటర్ ఇల్‌స్టెడ్ (1861–1933), వాళ్ల మిత్రుడు కార్ల్ హోల్సో (1863–1935) ఇదే బాటలో నడిచారు. ఇల్‌స్టెడ్ గదుల్లో బావగారి దిగులు లేదు. పిల్లలు కుట్టుకుంటారు, చదువుకుంటారు, ఎండ పచ్చగా పడుతుంది. ఆయన ప్రత్యేకత అచ్చుచిత్రాల్లో ఉంది. మెజోటింట్ అనే పాత పద్ధతిని రంగుల్లో మళ్లీ పైకి తెచ్చాడు. ఇందులో రాగి రేకునంతా పళ్లున్న పనిముట్టుతో గరుకు చేస్తారు. ఆ దశలో సిరా పూసి అచ్చు తీస్తే కాగితం మీద ముఖమల్ లాంటి నలుపు పడుతుంది. ఆ తరువాత వెలుతురు కావలసిన చోటల్లా గరుకును గీకి, నునుపు చేస్తారు. ఎంత నునుపైతే అంత తెలుపు. అంటే ఇందులో చీకటే మూలసరుకు. కిటికీనీ, గోడనూ, అమ్మాయి చెంపనూ దానిలోంచి గీకి తీయాలి. మద్రాసు పత్రికల బొమ్మ దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో తయారైంది. ఆ తేడా దగ్గరికి తరువాత వద్దాం.

డెన్మార్క్‌లో ఆడవాళ్ల చేతిలో ఈ గది ఇంకోలా ఉండేది. స్కాగెన్ అనే చేపల రేవులో పుట్టి పెరిగిన ఆనా ఆంకర్ (1859–1935) 1891లో నీలిగదిలో ఎండను వేసింది. చిన్నపిల్ల కూర్చుని అల్లికపని చేసుకుంటూంటే గోడ మీద కిటికీ నీడలు పడతాయి. అది పరాయివాడి కన్ను కాదు, ఆ ఇంటి మనిషి కన్ను.

తరంగంబాడి

హామర్స్‌హోయ్ ఉన్న స్ట్రాండ్‌గేడ్ వీధికీ కోరమాండల్ తీరానికీ పాత బాంధవ్యం ఉంది. 1732లో ఏర్పడ్డ డేనిష్ ఆసియాటిక్ కంపెనీ కార్యాలయ భవనం ఆ వీధిలోనిదే. ఆ భవనాలను ఆయన 1902లో చిత్రించాడు. 1913లో ఆ కంపెనీ భవనంలోకే కాపురం మార్చాడు, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ కంపెనీ ఓడలు లంగరు వేసిన రేవుల్లో ఒకటి చెన్నైకి దక్షిణాన ఉన్న తరంగంబాడి. 1620లో అక్కడ డేన్‌లకు కోట కట్టుకునే అనుమతి ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు ఆయన వేరే పరిచయం అక్కర్లేని కవిరాజు. ఆ ఊరిని 1845లో డేన్‌లు ఇంగ్లీషువాళ్లకు అమ్మేసి వెళ్లిపోయారు.

ఆ రెండు వందల ఏళ్లలో ఇక్కడి డేన్‌లు గదుల బొమ్మలేమైనా వేశారా? 1788 నుంచి 1806 వరకు తరంగంబాడి గవర్నరుగా ఉన్న పీటర్ ఆంకర్ మంచి చిత్రకారుడే. నార్వే దేశస్థుడు. ఆయన నీటిరంగుల బొమ్మలు నేడు ఓస్లోలో ఉన్నాయి. వాటిలో గుళ్లున్నాయి, గోపురాలున్నాయి, ఊరి దృశ్యాలున్నాయి. ఆయన కన్ను వీధిలోనే తిరిగింది. పరాయి దేశంలో అధికారికి కనిపించేది ముంగిలే; ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టే ఇల్లు ఏది?

అచ్చు విషయంలో మాత్రం తరంగంబాడి మనకు నేరుగా చుట్టం. డెన్మార్క్ రాజు పంపిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ 1706లో అక్కడ దిగాడు. కొన్నేళ్లకే అక్కడ అచ్చుయంత్రం వెలిసింది. ఆ మిషన్ నుంచే మద్రాసు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని రాసిన పుస్తకాలు 1740లలో జర్మనీలోని హాలె పట్నంలో అచ్చయ్యాయి. తెలుగు అక్షరం అచ్చు కాగితం మీద పడింది అలా.

గదిని చూపే పటం, గదిలో వెలిగే పటం

తంజావూరు పటాలు వేసినవాళ్లలో ముఖ్యులు రాజులు అనే తెలుగు మాట్లాడే కులంవాళ్లు. విజయనగరం పతనమయ్యాక దక్షిణానికి దిగివచ్చిన కుటుంబాలు. పనసచెక్క పలక మీద గుడ్డ అతికి, సుద్దా బంకా కలిపి ఉబ్బెత్తు చేసి, దాని మీద బంగారు రేకు తాపి, అద్దపు ముక్కలూ రాళ్లూ పొదుగుతారు. వీటిలో బాగా ప్రచారమైన వస్తువు వెన్నకృష్ణుడు. బొద్దుగా, తెల్లగా, చేతిలో వెన్నముద్దతో ఆ పిల్లవాడు ఉండేది ఇంట్లోనే. వెనక కమాను ఉంటుంది, పక్కకు తీసి కట్టిన తెర ఉంటుంది, దిండ్లుంటాయి, ఒక్కోసారి పైనుంచి వేలాడే దీపాలు కూడా.

అయినా దీన్ని గృహాంతర చిత్రం అనలేం. ఆ కమాను కింద గాలి లేదు. వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందో చెప్పలేం, ఎందుకంటే బొమ్మలో వెలుతురు వేయలేదు. అది బయటినుంచి రావాలి. పటం తగిలించేది కిటికీ లేని పూజగదిలో. అక్కడ నూనెదీపం వెలిగిస్తే ఉబ్బెత్తు రేకుల అంచులు ఒక్కొక్కటే మెరుస్తాయి, దీపం కదిలితే అవీ కదులుతాయి. గదిని చూపించడం ఆ చిత్రకారుడి పని కాదు, గదిలో వెలగడం ఆ పటం పని. మ్యూజియంలో తెల్లటి ట్యూబులైటు కింద వీటిని చూసి ఆడంబరం అని పెదవి విరిచేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

మెట్ల మీద ఇద్దరు పిల్లలు

ఇంగ్లీషు చిత్రకారులు మద్రాసుకు 18వ శతాబ్దం నుంచే వచ్చారు. నవాబుల, దొరల నిలువెత్తు చిత్రాలు వాళ్ల జీవనాధారం. వాటి గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు, ఒక్కటి తప్ప. జార్జ్ చినరీ 1802 నుంచి 1807 వరకు మద్రాసులో ఉన్నాడు. హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్‌కూ ఖైరున్నీసా బేగంకూ పుట్టిన కొడుకునూ కూతురునూ 1805లో చదువుకని ఇంగ్లండుకు పంపిస్తూంటే, ఓడ ఎక్కేముందు మద్రాసులో చినరీ వాళ్ల బొమ్మ వేశాడు. హైదరాబాదీ దుస్తుల్లో మెట్ల మీద నిలబడ్డ ఇద్దరు పసివాళ్లు. వెనక పెద్ద తెర, చీకటి. పిల్లాడు బింకంగా నిలబడ్డాడు, చెల్లెలు అతన్ని ఆనుకుని ఉంది. ఆ ఏడాదే తండ్రి చనిపోయాడు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. హైదరాబాదు కోఠీ రెసిడెన్సీ భవనం చూసినవాళ్లకు ఆ పిల్లలు ఏ ఇంటివాళ్లో తెలుసు. బొమ్మలో మాత్రం ఇల్లు లేదు. దొరల పద్ధతి ప్రకారం స్టూడియోలో అమర్చిన తెరే ఉంది. నేడది హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సేకరణలో ఉంది.

రవివర్మ

తలుపు తీసి లోపలికి తొంగిచూసిన తొలి భారతీయ చిత్రకారుడు రాజా రవివర్మ (1848–1906) అనవచ్చు. ఆయనకు తొలి పేరు తెచ్చింది మద్రాసే. తలలో మల్లెలు ముడుచుకుంటున్న నాయరు స్త్రీ చిత్రానికి ఇక్కడి ప్రదర్శనలో గవర్నరు బంగారు పతకం వచ్చింది. అప్పటికి ఆయన వయసు పాతికే. ఆ చిత్రం వియన్నాకూ వెళ్లి బహుమతి తెచ్చుకుంది.

గృహాంతర చిత్రం దృష్టితో చూస్తే 1893లో షికాగో ప్రదర్శనకు పంపిన పది చిత్రాల్లో ‘అడుగో నాన్న’ అనేది దగ్గరగా పరిశీలించదగింది. రవివర్మ తన కూతురినే, చంకలో మనవడితో, నిలబెట్టి వేశాడు. ఆమె పక్కకు చూస్తోంది, బిడ్డకు అటే చూపిస్తోంది. కాళ్ల దగ్గర కుక్క కూడా అటే చూస్తోంది. ఆ చూపులన్నీ కలిసేచోట తండ్రి ఉండాలి. ఆయన చట్రం బయట ఉన్నాడు. తల్లివైపు వారసత్వం నడిచిన నాయరు కుటుంబంలో తండ్రి రాకను ఇంత పండగ చేయడం వెనక మారుతున్న కాలం ఉందని పరిశోధకులు విశ్లేషించారు. హామర్స్‌హోయ్ అదే దశకంలో ఇంటావిడను గోడవైపు తిప్పి నిలబెట్టడం మొదలుపెట్టాడు. ఆయన గదిలో ఎవరి రాకా ఉండదు. రవివర్మ గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు రాబోతుంటారు, ఉత్తరం అందుతుంది, కబురు వినబడుతుంది. మన కథల అలవాటు ఆయన్ను వదల్లేదు. అది లోపమని నేననను. అయితే ఆయన గదుల్లో నిశ్శబ్దం కాసేపటి మట్టుకే.

1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుకూటం పెట్టాడు. ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క రాయి చొప్పున గీసి, ఒకదాని మీద ఒకటి అచ్చువేసి తీసిన ఓలియోగ్రాఫులు దేశమంతా పాకాయి. వాటిలో అమ్ముడుపోయింది లక్ష్మీ సరస్వతులు. ఆ తరువాత వచ్చిన శివకాశి క్యాలెండర్లకు బొమ్మలు వేసిన కోవిల్‌పట్టి కొండయ్యరాజు (1898–1976) కూడా మద్రాసు కళాశాలలో చదువుకున్నవాడే. ఆయన బొమ్మల్లోనూ గది దేవుడిదే.

వెలుతురు పైనుంచి దిగే ఇల్లు

డెన్మార్క్ చిత్రకారుడికి గది దొరికినట్టు మద్రాసు చిత్రకారుడికి ఎందుకు దొరకలేదు? సమాధానం కొంత కట్టడంలో ఉంది. ఉత్తర దేశాల్లో సూర్యుడు కిందుగా నడుస్తాడు. ఎండ కిటికీలోంచి అడ్డంగా వచ్చి ఎదురు గోడ దాకా పాకుతుంది. ఆ గోడే బొమ్మకు కాన్వాసు. మైలాపూరు, తిరువళ్లిక్కేణి వీధుల్లోని పాత ఇళ్లకు ముందు అరుగు, తరువాత నడవ, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, వెనక వంటిల్లు, పెరడు. పక్కిళ్లతో గోడ కలిసి ఉంటుంది గనక పక్క కిటికీలు తక్కువ. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లదీ ఇదే లెక్క. వెలుతురు మండువాలో నిలువుగా నేల మీద పడి, అక్కడినుంచి ఎగసి చుట్టూ వసారాల్లోకి పలచబడుతుంది. మనిషి ముఖం మీద పడేది నేలనుంచి లేచిన వెలుగు. ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ అనే పాశ్చాత్య పాఠం ఈ ఇంట్లో సరిగా పనిచేయదు.

గోడ సంగతి కూడా ఉంది. మద్రాసు గచ్చు అంటే 18వ శతాబ్దపు యాత్రికులు పాలరాయిగా భ్రమపడేవారు. గుల్లసున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు, కోడిగుడ్డు తెల్లసొన లాంటివి కలిపి, పొరలు పొరలుగా పూసి, రాయితో రుద్ది నిగనిగలాడించేవారు. డేనిష్ గోడ వెలుతురును పీల్చుకుంటే ఈ గోడ దాన్ని తిప్పికొడుతుంది.

ఇక జనం. ఉమ్మడి కుటుంబంలో ఒక గదిని ఒకరే వాడుకోవడం ఎక్కడిది? అదే గది మధ్యాహ్నం కూరలు తరిగే చోటు, రాత్రి పిల్లలు పడుకునే వరస. బల్లా కుర్చీ తక్కువ. ఉయ్యాల బల్ల, చాప, పీట. ఖాళీ గది మన ఇళ్లలో శుభసూచన కూడా కాదు. దాన్ని బొమ్మ వేయించుకుని డబ్బిచ్చి గోడకు తగిలించుకునే గృహస్థు ఎవడు?

బడి ఏం నేర్పింది

1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో కళాశాల పెట్టాడు. రెండేళ్లకు ప్రభుత్వం తీసుకుంది. చెక్క మీద చెక్కి అచ్చువేయడం, రాగిరేకుల మీద ఎచింగ్ అక్కడ తొలినుంచీ నేర్పారు. అయితే ఆ బడి లక్ష్యం చేతివృత్తులు: కుండలు, లోహపు పని, ఫర్నిచరు. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి తొలి భారతీయ అధిపతిగా వచ్చాక చిత్రకళ, శిల్పం ముందుకొచ్చాయి. మెరీనాలో శ్రామిక విజయం శిల్పం ఆయనదే. కండలు, బరువు, గాలివాన ఆయన బలం; గది కాదు. ఆయన దగ్గర చదువుకున్న తెలుగువాళ్లలో అంట్యాకుల పైడిరాజు (1919–1986) విజయనగరం చేరి పల్లె స్త్రీల చిత్రాలు వేశాడు. కె. శ్రీనివాసులు కళాక్షేత్రంలో చిత్రకళ నేర్పుతూ, లేపాక్షి కుడ్యచిత్రాల గీతనూ కొయ్యబొమ్మల రంగులనూ కలిపి తనదైన పద్ధతి తెచ్చుకున్నాడు. ఆయన స్త్రీలు ఇంటివాళ్లే, అయితే వెనక ఉన్నది చదునైన రంగు. ఇల్లు వాళ్ల చీరలోనూ ముక్కెరలోనూ ఉంది, గోడలో లేదు.

1957లో అధిపతి అయిన కె.సి.ఎస్. పణికర్ గీతకూ గుర్తుకూ విలువ పెంచాడు. 1966లో ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం వెలిసింది. అక్కడ పనిచేసిన తెలుగువాడు ఎం. రెడ్డెప్ప నాయుడు. వీళ్లకు గది అవసరం పడలేదు. హైదరాబాదు వైపు, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ (1940) బరోడాలో చదువుకుని ఎచింగ్‌లో దేశంలోనే పేరెన్నికగన్నాడు. ఆయన రేకుల మీద మేకలు, చెట్లు, మోటు శరీరాలు, ఊరి గోడలు. అంతా ఆరుబయటే.

అచ్చులోకి వచ్చిన గది

1914లో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను మద్రాసుకు తెచ్చాడు. 1924లో భారతి మాసపత్రిక మొదలుపెట్టాడు. తెలుగు మధ్యతరగతి ఇంటికి చేరిన తొలి ఆధునిక చిత్రాల్లో భారతిలో అచ్చయిన రంగుల బొమ్మలు ఉన్నాయి. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) మశూచితో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. బొంబాయిలో చదివినా అజంతా గీతను వదలని ఆయన ‘పుష్పాలంకరణ’ వంటి చిత్రాల్లో స్త్రీలు కొలువుదీరినట్టు ఉంటారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఇంటిని లోపలినుంచి చూసే ఆనా ఆంకర్ లాంటి కన్ను తెలుగులో ఎవరికైనా ఉండి ఉంటే వాళ్లకే ఉండాలి. వాళ్ల పని మీద వచ్చిన రాత మాత్రం అన్యాయమనిపించేంత తక్కువ.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామ పెట్టారు. ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య (1921–1992) బొమ్మలతో రెండు మూడు తరాల పిల్లలు పెరిగారు. కశింకోటలో స్థిరపడ్డ పాపయ్య అట్టల మీదా, యువ దీపావళి సంచికల్లోనూ రంగును పొగలా వాడాడు. ఆయన నాయిక ద్వారబంధం దగ్గర నిలబడితే గది మెత్తటి మసకగా మాత్రమే ఉంటుంది. శంకర్, చిత్రాల పద్ధతి వేరు. కథ పేదరాసి పెద్దమ్మ ఇంట్లో జరిగితే ఉట్టి, కుంపటి, స్తంభం అన్నీ లెక్కగా ఉండాల్సిందే. వస్తు పరిజ్ఞానానికి అవి చిన్న మ్యూజియాలు. నిశ్శబ్దం మాత్రం ఉండదు, కథ తరుముతూ ఉంటుంది గనక.

ఆ నిశ్శబ్దం తెలుగు బొమ్మకు బాపు (1933–2014) చేతిలో అబ్బింది. నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివి, ప్రాక్టీసు పెట్టకుండా బొమ్మల్లో పడ్డ సత్తిరాజు లక్ష్మీనారాయణ. ఇక్కడ అచ్చు పద్ధతి తెలిస్తే బొమ్మ బాగా అర్థమవుతుంది. ఆనాటి వారపత్రికలు అచ్చయ్యేది చౌక న్యూస్‌ప్రింటు మీద. ఫోటోలకు వాడే చుక్కల బ్లాకులు ఆ కాగితం మీద అలుక్కుపోయేవి. గీతబొమ్మకు జింకు లైన్ బ్లాకు వాడేవారు. గీత ఉన్నచోటు నిలిచి, మిగతాదంతా యాసిడ్‌లో కరిగి దిగిపోతుంది. బ్లాకుకు తెలిసింది రెండే: నలుపు, తెలుపు. మధ్యలో బూడిద రంగు లేదు. హామర్స్‌హోయ్‌కి బతుకంతా బూడిద రంగే. ఇల్‌స్టెడ్ చీకటి రేకులోంచి వెలుతురును గీకి తీశాడు. బాపు తెల్లకాగితంతో మొదలుపెట్టి, ఎంత తక్కువ నలుపుతో గది నిలబడుతుందో అంతే వేసి ఆపాడు. ఒక ద్వారబంధం అంచు, ఒక పడక్కుర్చీ వంపు, గడప మీద పాదం. మిగతా గోడంతా అచ్చు పడని కాగితం. కళ్లు చెదిరే మద్రాసు ఎండకు ఆ ఖాళీ తెలుపు కన్నా నిజమైన రంగు ఏముంది?

ఇంకో పోలిక వదిలిపెట్టలేం. హామర్స్‌హోయ్ ఇడాను వీపునుంచి చూశాడు. బాపు బొమ్మ కూడా తరచుగా వెనకనుంచే కనిపిస్తుంది, నడుం దాటిన వాలుజడతో. ఇడా మెడ దగ్గర చూపు ఆగిపోతుంది. బాపు జడ దగ్గర ఆగదు. ఒక్క కుంచె విసురుతో వంపు తిరిగి కిందికి దిగి, చివర కుచ్చుల దగ్గర ఎటో వెళుతున్న మనిషి నడకను చెబుతుంది. వీపు తిప్పడం అక్కడ దూరం, ఇక్కడ అలక. ముళ్లపూడి వెంకటరమణ రాసిన ‘బుడుగు’కు బాపు వేసిన బొమ్మల్లో గది ఇంకా తగ్గిపోతుంది, పిల్లవాడి ఎత్తునుంచి చూసిన బల్లకాళ్లూ పెద్దవాళ్ల పంచెలూ మిగులుతాయి.

తెర మీద

డెన్మార్క్ సినిమా దర్శకుడు కార్ల్ డ్రయర్ మీద హామర్స్‌హోయ్ ప్రభావం ఉందని చలనచిత్ర చరిత్రకారులు చెబుతారు. మద్రాసులో చిత్రకారులే నేరుగా సినిమా గదులు కట్టారు. విజయా వారి పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్‌లకు కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే చిత్రకారుడు, కథకుడు కూడా. మిస్సమ్మ (1955) ఇంటిని వడపళనిలో నాలుగు గోడల మధ్య నిలబెట్టి, మార్కస్ బార్ట్‌లీ కెమెరా ముందుంచారు. ఆ లోగిలి తెలుగువాళ్లలో చాలామందికి సొంత మేనత్త ఇంటికన్నా బాగా తెలుసు.

బాపు దర్శకుడయ్యాక సెట్టు వదిలి ఊళ్లోకి వెళ్లాడు. 1967లో సాక్షిని గోదావరి పల్లెలో తీశాడు. ముత్యాలముగ్గు (1975)కు ఇషాన్ ఆర్య ఛాయాగ్రాహకుడు. అంతకుముందు ఆగ్రాలో పాత హవేలీ గదుల్లో గరం హవా తీసిన మనిషి. నిజమైన ఇళ్లలో, ఉన్న వెలుతురునే ఎక్కువగా నమ్ముకుని పనిచేసేవాడు. మండువాలో నిలువుగా దిగే ఆ వెలుగుకు దీటైన పద్ధతి కాన్వాసు మీద కన్నా ఫిలిం మీద ముందు దొరికింది. ఆ సినిమాకు ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది.

ఎక్కడ చూడవచ్చు

రవివర్మ చిత్రాలకు చెన్నైలో ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం ముఖ్య కేంద్రం. అక్కడి నేషనల్ ఆర్ట్ గ్యాలరీ భవనాన్ని హెన్రీ ఇర్విన్ రూపకల్పన చేయగా, నంబెరుమాళ్ చెట్టి సత్యవేడు గులాబీరంగు రాయితో కట్టాడు. 1909లో తెరిచిన ఆ భవనం పగుళ్లిచ్చి చాలాకాలం మూతపడింది. దామెర్ల చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. అచ్చుచిత్రాలు వేయడం నేర్చుకోదలచినవాళ్లకు చెన్నై గ్రీమ్స్ రోడ్డులోని లలితకళా అకాడెమీ కేంద్రంలో ఎచింగ్, లితో యంత్రాలున్నాయి. పత్రికల బొమ్మలకు మాత్రం పాత సంచికలే దిక్కు. న్యూస్‌ప్రింటు పసుపెక్కి విరిగిపోతుంది గనక, బాపు వదిలిన తెలుపు ఈనాటి ప్రతుల్లో గోధుమరంగుగా కనిపిస్తుంది. ఆ బొమ్మలను పునర్ముద్రించేవాళ్లు కాగితం రంగును దిద్దడమా, ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేయడమా అన్న ప్రశ్నను ఎదుర్కోక తప్పదు. గోడే బొమ్మలో సగం అయినప్పుడు గోడ రంగు మారితే బొమ్మ మారినట్టే.